అల్మెండ్రా వేరుపడ్డ ఏడాది

ఫిలొమెనా సిల్వేరా చేతిదెబ్బ ఎలా ఉంటుందో అల్మెండ్రాలో చాలామందికి అనుభవమే. అందరికన్నా ముందు రుచి చూసినవాడు ఆమె మొగుడు లియోనెల్. పెళ్ళైన కొత్తలోనే తాగొచ్చి చెయ్యి చేసుకోవడం మొదలుపెట్టాడు. కొన్నాళ్ళు పళ్ళ బిగువున ఓర్చుకుంది. ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి పొయ్యి మీద మాంసం మరగబెడుతుంటే, ఉప్పెక్కువైందని జుట్టు పట్టుకుని గోడకేసి కొట్టాడు. ఆమె గిన్నెలో ఉడుకుతున్న ఆవు కాలి ఎముకని ఉత్త చేత్తోనే పైకి లాగి, పొగలు కక్కుతున్నదాన్ని అలాగే అతని దవడ మీద ఒక్కటిచ్చింది. అతని దవడ విరిగింది, ఆమె అరచెయ్యి బొబ్బలెక్కింది. లియోనెల్ గడ్డానికి గుడ్డ కట్టుకుని ఫ్రెస్నో బస్సెక్కాడు. మళ్ళీ రాలేదు.

"ఉప్పు సరిపోయిందో లేదో ఇంకోసారి చూడమన్నాను, అంతే," అనేది ఎవరైనా అడిగితే.

అజోర్స్ దీవుల నుంచి తల్లిదండ్రులతో కాలిఫోర్నియా లోయకి వచ్చినప్పుడు ఆమెకి ఏడేళ్ళు. తండ్రి ఎవరివో ఆవులు పితికేవాడు. చలికాలంలో పంది కోస్తే నెత్తురు పట్టే గిన్నె ఆమె చేతికే ఇచ్చేవాడు. తమ్ముడు డువార్టే అప్పటికి పాకుతున్నాడు. వాడు బడికి వెళ్ళే వయసొచ్చాక "పేడ కంపు" అని ఏడిపించిన పిల్లల్ని రైలు పట్టాల దాకా తరిమి మరీ కొట్టింది. వాడి ముక్కు తుడిచి, వాడి పోట్లాటలు తను పోట్లాడి, వాడు ఫైర్ డిపార్ట్‌మెంట్‌లో చేరిన రోజున కొట్టు మూసి ఊరందరికీ వైను పోయించింది.

ఆమె మాంసం కొట్టు పట్టాలకి పడమటి పక్కన ఉండేది. మా ఊరిని రైలు పట్టాలు నిలువునా రెండు చేస్తాయి. తూర్పున పెద్ద వీధి, సిటీ హాలు, నీడనిచ్చే చెట్లున్న ఇళ్ళు. పడమట పాల డెయిరీలు, బాదంకాయల షెడ్లు, మా పోర్చుగీసువాళ్ళ ఇళ్ళు, మెక్సికో నుంచి వచ్చినవాళ్ళ ఇళ్ళు. వెల్లుల్లీ ఎర్రమిరప్పొడీ దట్టించి పొగబెట్టిన ఆమె లింగీసా సాసేజీల కోసం తూర్పువాళ్ళు కూడా పట్టాలు దాటి వచ్చేవారు. ఇటువాళ్ళు అటు వెళ్ళాల్సినంతగా అటువాళ్ళకి ఇటు పనుండేది కాదు.

మంటలార్పడానికి అప్పట్లో చుట్టుపక్కల నాలుగు ఊళ్ళూ కలిసి ఒకే డిపార్ట్‌మెంట్ నడిపేవి. జనం దాన్ని ఉమ్మడి అనేవారు. ఊరికో మనిషి చొప్పున బోర్డు. ఖర్చు తగ్గించాలని ఒక ఏడు ఆ బోర్డు పడమటి ఫైర్ స్టేషన్ని మూసేసింది. అల్మెండ్రా మనిషి వద్దన్నాడు, మిగతా మూడు ఊళ్ళూ చేతులెత్తాయి. బండి తూర్పు స్టేషన్‌లో ఉంటుంది, పడమటికి రెండు నిమిషాల దారి, ఏం ఫరవాలేదు అన్నారు.

ఆ మాట నిజమే, రైలు గేటు తెరిచి ఉంటే.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం ఫిలొమెనా కొట్టులో గొర్రె పక్కటెముకలు కొడుతుంటే, యజమానురాల్ని దోన్యా అని పిలిచే పనిమనిషి ఇమెల్డా గుమ్మంలోంచి కేకేసింది.

"దోన్యా, మీ అమ్మగారి వీధిలో పొగ లేస్తోంది."

చేతిలో కత్తితో, రక్తపు ఏప్రాన్‌తో అలాగే పరిగెత్తింది. తల్లి డియొలిండా ఇంటి వంటగది అప్పటికే భగభగ మండుతోంది. ఇరుగుపొరుగు తోటకి నీళ్ళు పెట్టే గొట్టాలతో కొడుతున్నారు, ఆ నీళ్ళు గోడ తాకకుండానే ఆవిరైపోతున్నాయి. దూరంగా ఫైరింజన్ సైరన్ ఒకే చోట నిలబడి ఏడుస్తోంది. గేటుకి అడ్డంగా గూడ్సు బండి ఆగింది. దాని అవతల ఫైరింజన్, అందులో కెప్టెన్ సీట్లో డువార్టే.

ఫిలొమెనా కత్తితో కిటికీ పగలగొట్టి గాజుపెంకుల మీదుగా లోపలికి వంగింది. పొగలో తల్లి చెయ్యి తగిలింది. పట్టుకుని లాగింది. మనిషి రాలేదు. ముంజేతి చర్మం మాత్రం చేతితొడుగులా ఊడి ఫిలొమెనా పిడికిట్లోకి వచ్చింది. మళ్ళీ పట్టుకోబోయేలోగా పైకప్పు కూలింది.

డువార్టే అప్పటికి ఇంజన్ దిగి, గొడ్డలి పట్టుకుని గూడ్సు పెట్టెల కింద నుంచి పాకుతూ ఇవతలికి వచ్చాడు. మంటల్లోకి పోబోతున్న అక్కని వెనక నుంచి పట్టుకున్నాడు. ఆమె మోచేత్తో వాడి డొక్కలో పొడిచింది, మొహం రక్కింది, చెయ్యి కొరికింది. వాడు వదల్లేదు. ఇద్దరూ అక్కడే మట్టిలో పడి ఇల్లు కూలేదాకా చూశారు.

తల్లిని పాతిపెట్టాక ఫిలొమెనాకి ఎవరినైనా కొట్టాలనిపించింది. రైలు డ్రైవరు దగ్గరికి వెళ్ళింది, ఎర్ర సిగ్నల్ పడితే ఆగానన్నాడు. ఉమ్మడి చీఫ్ టోపీ చేతుల్లో పట్టుకుని వచ్చి తలొంచుకుని నిలబడ్డాడు. బోర్డువాళ్ళు పూలు పంపించారు. కొట్టడానికి ఒక్కడూ దొరకలేదు. కొట్టు వెనక్కి పోయి, వేలాడుతున్న పంది కళేబరాన్ని పిడికిళ్ళతో గుద్దింది. చేతివేళ్ళ గణుపులు చిట్లేదాకా గుద్దింది.

ఆ శీతాకాలంలోనే, వేసవి మొదట్లో జరిగే సిటీ కౌన్సిల్ ఎన్నికకి పోటీలోకి దిగింది. చెప్పింది ఒకటే మాట: ఉమ్మడిలోంచి వేరుపడాలి, మన బండి మనకుండాలి, స్టేషన్ పట్టాలకి పడమట ఉండాలి.

ఇది విని డువార్టే ఆమె వంటింటికి వచ్చాడు. కుర్చీ లాక్కుని కూర్చోలేదు, నిలబడే మాట్లాడాడు.

"అక్కా, ఒక్క ఊరు ఒంటరిగా డిపార్ట్‌మెంట్ నడపలేదు. ఒక బండి, దాని మీద ముగ్గురు. ఆ బండి హైవే మీద యాక్సిడెంటుకి పోయిందనుకో, ఊళ్ళో ఇల్లు అంటుకుంటే ఎవడొస్తాడు?"

"ఇప్పుడు ఎవడొచ్చాడు?"

"నేనొచ్చాను."

"వచ్చావులే. పాకుకుంటూ."

వాడి మొహం పాలిపోయింది. ఆమెకి తెలిసే అంది, అన్నాక వెనక్కి తీసుకోలేదు.

"నువ్వు గెలుస్తావు," అన్నాడు వాడు. "జనం నిన్ను చూసి కాదు, అమ్మని చూసి ఓటేస్తారు. తర్వాత ఇంకొకళ్ళ అమ్మ పోతుంది. అప్పుడు నా దగ్గరికి రాకు."

"రాను. పో."

ఓట్ల ముందు నెల రోజులూ ఊరు ఊరంతా కాట్లకుక్కలా తయారైంది. ఆమె కొట్టు అద్దాలు పగిలాయి. మాంసం చేరవేసే వ్యాను టైర్లు కోసేశారు. వేరుపడొద్దు అని బోర్డు పెట్టుకున్న ఒక తూర్పు ఇంటాయన్ని పడమటి కుర్రాళ్ళు బారు వెనక పడేసి పక్కటెముకలు విరగ్గొట్టారు. ఫిలొమెనా చెయ్యమని చెప్పలేదు, కానీ విని నవ్వింది. ఆ నవ్వు సంగతి ఊళ్ళో పాకింది.

పెద్ద గొడవ పరిశుద్ధాత్మ పండుగ రోజున జరిగింది. మా పోర్చుగీసువాళ్ళ హాల్లో ఏటా ఆ రోజు ఎవరొచ్చినా రొట్టె మీద మాంసం పులుసు పోసి పెడతాం. డువార్టే ఫైరింజన్‌కి డ్రైవరైన రాయిస్ టాకెట్ కూడా వచ్చాడు. తూర్పు పక్క మనిషి, ఎర్రటి మెడ, దూలాల్లాంటి చేతులు. పళ్ళెం పట్టుకుని వరసలో నిలబడి, వడ్డిస్తున్న ఫిలొమెనా ఎదుటికి రాగానే అందరికీ వినపడేలా అన్నాడు.

"చచ్చిన తల్లిని ముక్కలు కోసి ఓట్లకి అమ్ముతున్నావంట. కిలో ఎంత?"

ఆమె గరిటె నిండా సలసలకాగే పులుసు తీసి వాడి ఛాతీ మీద పోసింది. వాడు కేక పెట్టి పిడికిలి విసిరాడు. అది ఆమె పెదవి చీల్చి రెండు పళ్ళు కదిలించింది. ఆమె వెనక్కి పడలేదు. గరిటె తిరగేసి వాడి చెవి మీద బాదింది. ఇంతలో పక్క బల్ల మీద నుంచి డువార్టే లేచి వచ్చాడు. రాయిస్ తన బండి మనిషి, తన మాట మీద మంటల్లోకి దూకే మనిషి, ఈ వ్యవహారంలో తనతో ఏకీభవించే మనిషి. అయినా వాడి గొంతు పట్టుకుని బల్ల మీదకి వంచి మూడు గుద్దులు గుద్దాడు. బల్లలు తిరగబడ్డాయి. తూర్పూ పడమరా కుర్చీలతో కొట్టుకున్నాయి. ఫాదర్ వచ్చి గంట కొట్టినా ఎవరికీ వినిపించలేదు.

తర్వాత బయట, రక్తం ఉమ్ముతూ, డువార్టే అక్కతో అన్నాడు. "వాడన్నది తప్పు మాట. నువ్వు చేస్తున్నది తప్పు పని. నేను రెండూ ఒప్పుకోను."

ఆమె గెలిచింది. కౌన్సిల్లో అయిదుగురు. ఇద్దరు అటు, ఇద్దరు ఇటు, మధ్యలో ఆమె చెయ్యి. ఓటు రోజున సిటీ హాలు కిక్కిరిసింది. ముందు వరసలో ఉమ్మడి మనుషులు యూనిఫారాలేసుకుని చేతులు కట్టుకుని కూర్చున్నారు, వాళ్ళ మధ్యలో డువార్టే. మేయరు తన పేరు పిలిచినప్పుడు ఫిలొమెనా తమ్ముడి కళ్ళలోకి చూస్తూనే చెయ్యెత్తింది. అల్మెండ్రా ఉమ్మడిలోంచి వేరుపడింది.

మెట్ల మీద గుంపు ఎదురైంది. ఎవరో ఆమె మొహం మీద ఉమ్మేశారు. ఆమె భుజంతో తుడుచుకుని దిగుతుంటే డువార్టే దారికి అడ్డం నిలబడ్డాడు.

"అయిందా? ఇప్పుడు కడుపు చల్లబడిందా?"

"చల్లబడేది కాదు. తప్పుకో."

"నా మనుషుల్ని చెట్టుకొకణ్ణి పుట్టకొకణ్ణి చేశావు. ఇరవై మందిమి ఒక చేతి వేళ్ళలా ఉన్నాం."

"ఆ వేళ్ళు నా తల్లిని అందుకోలేదు."

వాడు భుజం పట్టి ఊపాడు. ఆమె గుద్దింది. ముందు పన్ను విరిగి వాడి పెదవిలో గుచ్చుకుంది. వాడు ఆమె చెంప మీద కొట్టాడు. పుట్టిన దగ్గర్నుంచి అక్క మీద వాడు చెయ్యెత్తడం అదే మొదలు. వాడు తన అరచెయ్యి చూసుకున్నాడు. విరిగిన పన్ను మెట్ల మీద ఉమ్మి వెళ్ళిపోయాడు. తర్వాత చాలాకాలం వాళ్ళిద్దరి మధ్యా మాటల్లేవు.

ఉమ్మడిలో ఉంటారో, ఊరి డిపార్ట్‌మెంట్‌లో చేరతారో ఎవరికి వాళ్ళు తేల్చుకోమన్నారు. డువార్టే, రాయిస్ ఉమ్మడిలోనే ఉండి పక్క ఊరు హార్లిస్ స్టేషన్‌కి మారిపోయారు. తూర్పు స్టేషన్ భవనం ఉమ్మడిదే కాబట్టి వాళ్ళు దానికి తాళం పెట్టుకున్నారు. ఊరు ఒక పాత ఇంజన్ కొని, పడమట ట్రాక్టర్ల షెడ్డు బాగుచేయించి అందులో పెట్టింది. కొత్త కుర్రాళ్ళని చేర్చుకుంది.

మొదటి నెలల్లో ఫిలొమెనా మెడ నిటారుగా ఉండేది. ఒక డెయిరీలో ఎండుగడ్డి అంటుకుంటే బండి ఆవుల్ని విప్పేలోగా వచ్చింది. ఇమెల్డా ఇంటి పక్కన గ్యాసు బండ పేలితే, ఇంట్లో పడుకున్న ఇద్దరు పిల్లల్నీ కుర్రాళ్ళు దుప్పట్లో చుట్టి బయటికి తెచ్చారు. ఆ పిల్లల తల్లి కొట్టుకొచ్చి ఫిలొమెనా చేతులు పట్టుకుని ఏడ్చింది. ఆ రోజంతా వచ్చినవాళ్ళందరికీ లింగీసా ఒక ముక్క ఎక్కువే తూచింది.

ఒక్క పని మిగిలిపోయింది. ఒకరి బండి చాలనప్పుడు రెండోవాళ్ళు వెంటనే సాయానికి రావాలన్న ఒప్పందం. ముందు ఆస్తుల పంపకం తేలాలి, అది తేలాకే సంతకం అంది ఉమ్మడి బోర్డు. పంపకం సంగతి కోర్టు చూసుకుంటుంది, సంతకం మాత్రం ముందు అడుగుదాం అన్నాడు కౌన్సిల్లో ఒకాయన. ఫిలొమెనా ఒప్పుకోలేదు.

"వాళ్ళ గుమ్మం ఎక్కి అడుక్కోవాలా? మన బండి మనకుంది," అంది. ఆమె మాటే నెగ్గింది.

మే నెలలో ఒక పొద్దున, గాలి ఈడ్చి కొడుతున్నప్పుడు, హైవే మీద పాల ట్యాంకరు బోల్తా పడింది. డ్రైవరు తొడల దాకా ఇనుములో ఇరుక్కుని అరుస్తున్నాడు. ఊరికున్న ఒక్క బండీ, దాని మీది మనుషులూ అక్కడికి పోయారు. వాడి కాళ్ళని తప్పించడానికి ఇనుము కోస్తుండగానే తూర్పు పక్క నుంచి ఫోన్ వచ్చింది. ఇల్లు అంటుకుంది. అది రాయిస్ టాకెట్ తండ్రి ఎల్బర్ట్ ఇల్లు. ముసలాయనకి పక్షవాతం, చక్రాల కుర్చీ మనిషి.

ఫిలొమెనా పొగ చూసి పట్టాలు దాటి పరిగెత్తింది. అక్కడికి చేరేసరికి లోపల నుంచి అరుపులు వినిపిస్తున్నాయి. తలుపు దగ్గరికి పోబోయింది, వేడికి కనుబొమలు మాడాయి. పక్కింటామె వరండాలో మోకాళ్ళ మీద పడి చెవులు మూసుకుంది. ఆ అరుపులు ఒక మాటగా మొదలై, తర్వాత ఉత్త గొంతుగా మారి, తర్వాత ఆగిపోయాయి. హార్లిస్ వైపు నుంచి సైరన్ అప్పుడు వినిపించింది.

ఇంజన్ ఆగకముందే రాయిస్ కిందకి దూకాడు. నలుగురు మీద పడి పట్టుకున్నారు. వాడు వాళ్ళని ఈడ్చుకుంటూ మంటల దాకా పోయాడు, అక్కడ మోకాళ్ళ మీద కూలాడు. డువార్టే గొట్టం పట్టుకుని నీళ్ళు కొడుతూ ఒకసారి తలతిప్పి అక్కని చూశాడు. ఆమె ఆ చూపు తట్టుకోలేక నేలకేసి చూసింది.

జరిగింది తర్వాత తెలిసింది. హార్లిస్ స్టేషన్‌లో రాయిస్ ఇంజన్ కడుగుతుంటే రేడియోలో తన తండ్రి ఇంటి అడ్రసు చదివారట. అది మన హద్దు కాదు, ఒప్పందం లేదు, చీఫ్‌ని అడిగి చెబుతాం, ఆగండి అన్నారట. రాయిస్ చేతిలో సబ్బు గుడ్డతో నిలబడి డువార్టే వైపు చూశాడట. డువార్టే కాసేపు రేడియో వంక చూసి, దాని నోరు నొక్కి, "ఎక్కు" అన్నాడట. ఆ కాసేపే ముసలాయన ప్రాణం తీసింది.

శవపేటికని దించిన రోజునే రాయిస్ కొట్టుకి వచ్చాడు. నల్ల కోటు, బూట్లకి స్మశానం మట్టి. ఫిలొమెనా పంది భుజం నుంచి ఎముక వేరు చేస్తోంది. ఇమెల్డా తూకం దగ్గరుంది. కొనడానికి వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు వాడి మొహం చూసి గోడకి అతుక్కుపోయారు.

"మా నాన్న ఏమని అరిచాడో తెలుసా?" అన్నాడు వాడు. గొంతు పెంచలేదు. "నా పేరు పెట్టి అరిచాడట. రాయిస్ వస్తాడు, రాయిస్ బండి తెస్తాడు అని. పక్కింటామె చెప్పింది."

"విన్నాను," అంది ఫిలొమెనా. "నేనక్కడే ఉన్నాను."

"కత్తి పట్టుకునే ఉండు. నాకు ఫరవాలేదు."

ఆమె చేతిలో ఉన్నది ఎముక వెంట వెన్నలా దిగే సన్న కత్తి. దాన్ని ఏప్రాన్‌కి తుడిచింది. సొరుగు లాగి లోపల పెట్టి మూసింది. కౌంటర్ చుట్టూ తిరిగి వాడి ఎదుటికొచ్చి చేతులు పక్కలకి వదిలేసి నిలబడింది. తల్లి పోయాక కొట్టడానికి ఒక్క మనిషి కోసం ఊరంతా తిరిగిన రోజులు ఆమె మర్చిపోలేదు. వీడికి మనిషి దొరికింది.

మొదటి దెబ్బ చెంప ఎముక మీద పడింది. లోపలెక్కడో పుల్ల విరిగినట్టు వినిపించింది. రెండోది కంటి మీద. మూడోదానికి నేల మీద పడింది. లేచి మళ్ళీ నిలబడింది. అది చూసి రాయిస్ వెర్రెత్తిపోయాడు.

"కొట్టు. కొట్టవే. తిరిగి కొట్టు."

ఆమె కొట్టలేదు. వాడు ఏడుస్తూ కొట్టాడు. ముక్కు, నోరు, మెడ. పడిపోయాక బూటుతో తన్నాడు. ఇమెల్డా వాడి వీపు మీద వేలాడి జుట్టు పీకుతూ వీధిలోకి అరుస్తోంది. ఫిలొమెనా ఎడమ కంట్లో వెచ్చగా ఏదో కారి, ఆ పక్క వెలుతురు ఆరిపోయింది.

స్మశానం దగ్గర రాయిస్ కనిపించకపోయేసరికి డువార్టే వెతుక్కుంటూ వచ్చాడు. గుమ్మంలోంచి నేల మీది రక్తం చూశాడు. రాయిస్ కాలరు పట్టి లాగి, వాడి తలని మాంసం కొట్టే మొద్దుకేసి కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. వాడు జారిపోతే లేపి మళ్ళీ కొట్టాడు. మొద్దు మీద అప్పటిదాకా ఉన్న పంది రక్తంలో మనిషి రక్తం కలిసింది. రాయిస్ చేతులు ఆడటం మానేశాయి.

"వదులు," అంది ఫిలొమెనా నేల మీద నుంచి. నోట్లో పళ్ళు అడ్డమొచ్చి మాట సరిగ్గా రాలేదు. "వదలరా. చస్తాడు."

వాడికి వినపడే స్థితి లేదు. రాయిస్‌ని కింద పడేసి బూటెత్తాడు. ఫిలొమెనా పాకి వెళ్ళి రాయిస్ మీద బోర్లా పడుకుంది. ఎత్తిన బూటు ఆమె పక్కటెముకల మీద పడింది. విరిగిన చప్పుడు కొట్టంతా వినిపించింది. డువార్టే అప్పుడు ఆగాడు. ఎవరిని తన్నాడో అర్థమై, మొద్దుకి ఆనుకుని జారి కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆమె అలాగే పడుకుని, తన కిందున్నవాడు ఊపిరి తీస్తున్నాడా లేదా అని చెవి పెట్టి వింది. తీస్తున్నాడు.

ఆస్పత్రిలో ఫిలొమెనా ఎడమ కన్ను తీసేశారు. రాయిస్ పుర్రె చిట్లింది, ఒక చెవి పోయింది, నెలల తరబడి నడవలేకపోయాడు. పోలీసు వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు.

"ఏం జరిగింది, ఫిలొమెనా?"

"జారిపడ్డాను."

"అతను?"

"అతనూ జారిపడ్డాడు. మాంసం కొట్టు, నేల తడిగా ఉంటుంది."

"మీ తమ్ముడు?"

"ఇద్దర్నీ లేపడానికి వచ్చాడు."

ఇమెల్డానీ, ఆ ఇద్దరు ఆడవాళ్ళనీ అడిగారు. వాళ్ళూ తడి నేల అనే చెప్పారు. ఊరంతటికీ నిజం తెలుసు, ఒక్కరూ నోరు విప్పలేదు. రాయిస్ కూడా విప్పలేదు.

కట్లు విప్పకముందే ఆమె ఉమ్మడి బోర్డు మీటింగుకి వెళ్ళింది. తల చుట్టూ గుడ్డ, ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకల్లో పోటు. సాయం ఒప్పందం మీద సంతకం పెట్టమని అడిగింది.

"ఇప్పుడు గుర్తొచ్చామా?" అన్నాడు బోర్డులో ఒకాయన. "మీ బండి మీకుందన్నావుగా. ఆ మాట అన్న నోరే కదా ఇది?"

గదిలో కొందరు నవ్వారు. ఆమె పిడికిలి దానంతటదే బిగుసుకుంది. కుర్చీ చెయ్యి పట్టుకుంది.

"ఆ నోరే," అంది. "ఇంకా ఏమైనా అనాలంటే అనండి, అన్నీ పడతాను. ఎవరి ఇల్లు కాలినా ఎవరి బండి దగ్గరుంటే అది రావాలి. అది రాసి సంతకం పెట్టండి."

ఆ రోజు పెట్టలేదు. తర్వాతి మీటింగులో డువార్టే లేచాడు. ఆర్డరు లేకుండా బండి తీసినందుకు వాణ్ణి అప్పటికే పనిలోంచి పక్కన పెట్టారు. రేడియో ముందు నిలబడ్డ ఆ కాసేపట్లో ఏం జరిగిందో, రాయిస్ చేతిలోని సబ్బు గుడ్డ నుంచి నీళ్ళు ఎలా కారాయో చెప్పాడు. బోర్డులో ఎవరూ నవ్వలేదు. సంతకాలయ్యాయి.

అల్మెండ్రా మళ్ళీ ఉమ్మడిలో కలవలేదు. కోర్టు తగాదా తేలాక తూర్పు స్టేషన్ కొనుక్కుని రెండో బండి అక్కడ పెట్టింది. మరుసటి ఎన్నికల్లో ఫిలొమెనా ఒక దాణా వ్యాపారి చేతిలో ఓడిపోయింది. రాయిస్ కాస్త నడక వచ్చాక పెళ్ళాం పిల్లల్తో ఆరెగాన్ వెళ్ళిపోయాడు. వాడింకా ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఫిలొమెనా దాని ముందు రెండుసార్లు నిలబడి లోపలికి పోకుండానే తిరిగొచ్చింది. వాడికి చెప్పాల్సిన మాట ఏమిటో ఆమెకి తట్టలేదు.

డువార్టేని కెప్టెన్ పదవి నుంచి దించారు. కొన్నేళ్ళు మామూలు మనిషిగా గొట్టాలు మోసి ఉద్యోగం మానేశాడు. ఆ తర్వాతే కొట్టుకి రావడం మొదలైంది. మొదట్లో కొనడానికి వచ్చినట్టు వచ్చి, తూకం అయ్యాక నిలబడేవాడు. తర్వాత లోపలికొచ్చి కూర్చునేవాడు. ఇప్పుడు ఆదివారాలు వాడి భోజనం అక్కడే. ఇద్దరికీ జుట్టు తెల్లబడింది. వేరుపడటం తప్పని వాడూ, ఒప్పని ఆమే ఇప్పటికీ పోట్లాడుకుంటారు. నోటితోనే.

మొన్న ఒక ఆదివారం ఆమె రొట్టె తుంచుతూ అడిగింది.

"ఆ రోజు నేను అడ్డం పడకపోతే రాయిస్‌ని చంపేసేవాడివే, కదా?"

డువార్టే నములుతూ ఆలోచించాడు. "చంపేసేవాణ్ణి."

"పాపం వాడు నీకేం చేశాడు? తండ్రి పోయినవాడు."

"కోపం వాడి మీద కాదు. నీ మీద."

"మరి నన్ను కొట్టాల్సింది."

"కొడదామనే వచ్చాను," అన్నాడు డువార్టే, లింగీసా ఇంకో ముక్క తీసుకుంటూ. "అప్పటికే వాడు కొట్టేశాడుగా."